జీతం ఒకటే, తాళంచెవి వేరు: సర్ ముహమ్మద్ హబీబుల్లా జీవితం

ఆత్మకూరు: మన ఊరి నుంచి పెళ్లి బట్టలకనో, ఆసుపత్రి పనికనో చెన్నై వెళ్లినవాళ్లకు టి.నగర్ బాగా తెలుసు. పానగల్ పార్కు దగ్గర ఆటో దిగుతారు. ఉస్మాన్ రోడ్డులో చీరలు, నగలు కొంటారు. ఆ పక్కనే హబీబుల్లా రోడ్డు ఉంటుంది. ఉస్మాన్, హబీబుల్లా అన్న పేర్లు కనబడగానే మనోళ్లే ఎవరో అనుకుని ముందుకెళ్లిపోతాం. ఎవరు వీళ్లు, ఏం చేశారు అని అడిగేవాళ్లు తక్కువ.

పానగల్ అంటే పానగల్ రాజా, అంటే కాళహస్తికి చెందిన తెలుగువాడు పానగంటి రామరాయణింగారు. ఉస్మాన్ అంటే సర్ ముహమ్మద్ ఉస్మాన్. హబీబుల్లా అంటే సర్ ముహమ్మద్ హబీబుల్లా. ముగ్గురూ 1920ల్లో మద్రాసు ప్రభుత్వంలో పనిచేసినవాళ్లే. అప్పట్లో మన కర్నూలు, కడప జిల్లాలు ఆ ప్రభుత్వం కిందే ఉండేవి. ఆ పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి కూడా తెలుగు కుటుంబం వాడే. మంత్రివర్గాన్ని నడపమని గవర్నర్ పిలిస్తే ఆ పదవి తనకొద్దన్న మనిషి ఆయన.

వీళ్లలో హబీబుల్లా గారి జీవితాన్ని ఇప్పుడు చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. ఒకే సభలో, ఒకే బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లందరికీ ఒకే జీతం ఉండాలా అన్న ప్రశ్న ఆయన్ని జీవితమంతా వెంబడించింది. ఒకచోట ఆ సమాన జీతం ఆయన అందుకున్నారు. ఇంకోచోట ఎక్కువ తక్కువలు పెట్టిన నివేదికలో భాగస్వామి అయ్యారు. మూడోచోట, వేల మైళ్ల దూరంలో ఉన్న మన కూలీల కోసం అదే సమానత్వాన్ని ఒప్పందంలోకి తెచ్చారు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే జీతాల పట్టీ ఏం చెబుతుందో, ఏం దాస్తుందో తెలుస్తుంది.

వేలూరు మున్సిపాలిటీ నుంచి మొదలు

హబీబుల్లా 1869లో మద్రాసు పక్కన సైదాపేటలో పుట్టారు. న్యాయశాస్త్రం చదివి, 1888లో వేలూరులో వకీలుగా ప్రాక్టీసు మొదలుపెట్టారు. ఇంగ్లీషు చదువుకు మన ముస్లిం కుటుంబాలు ఇంకా వెనకాముందూ ఆడుతున్న రోజులవి. వకీలు పనిలో స్థిరపడి ఉంటే డబ్బుకు లోటుండేది కాదు. కానీ ఆయన మనసు మున్సిపాలిటీ వైపు మళ్లింది.

వేలూరు మున్సిపాలిటీలో మొదట జీతం లేని గౌరవ పదవిలో పనిచేశారు. తర్వాత ప్రాక్టీసు వదిలేసి మున్సిపల్ కార్యదర్శి అయ్యారు. ఆపైన జీతం తీసుకునే చైర్మన్ అయ్యారు. అంటే ప్రజాపదవిని రెండు రకాలుగానూ చూశారు. జీతం లేని పదవి పేరుకు సేవే. కానీ ఇంట్లో ఆస్తి ఉన్నవాడే ఎక్కువ కాలం దాన్ని మోయగలడు. ఇల్లు గడవాల్సినవాడు ఎంత తెలివైనవాడైనా పక్కకు తప్పుకోవాల్సిందే. అందుకే ప్రజాపదవికి జీతం ఉండడం దురాశ అనుకోనక్కర్లేదు. ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే తలుపు తెరిచే ఏర్పాటది.

వేలూరు నుంచి ఆయన మద్రాసు శాసన మండలికి వెళ్లారు. 1919లో గవర్నర్ కార్యనిర్వాహక మండలిలో తాత్కాలిక సభ్యుడయ్యారు. 1920లో మద్రాసు నగర కార్పొరేషన్ కమిషనర్ అయ్యారు. అదే ఏడాది గవర్నర్ మండలిలో పూర్తి సభ్యుడిగా చేరారు. వేలూరు వీధి దీపాలు, మురికి కాలువల లెక్కలు చూసిన మనిషి అలా ప్రెసిడెన్సీ మొత్తాన్ని పాలించే బల్ల దగ్గరకు చేరాడు.

64,000 రూపాయల కుర్చీ

ఆ బల్ల గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 1919 భారత ప్రభుత్వ చట్టం రాష్ట్రాల్లో ద్వంద్వ ప్రభుత్వం తెచ్చింది. అంటే ఒకే ప్రభుత్వంలో రెండు సగాలు. రెవెన్యూ, పోలీసు, ఆర్థికం, నీటిపారుదల లాంటి బరువైన శాఖలు రిజర్వుడు సగంలో ఉండేవి. వాటిని గవర్నర్ కార్యనిర్వాహక మండలి సభ్యులు చూసేవాళ్లు. విద్య, వైద్యం, స్థానిక సంస్థలు, వ్యవసాయం లాంటివి రెండో సగం. వాటిని శాసన మండలి నుంచి వచ్చిన మంత్రులు చూసేవాళ్లు.

మద్రాసులో రిజర్వుడు సగంలో నలుగురు ఉండేవాళ్లు. లయనెల్ డేవిడ్‌సన్, చార్లెస్ టాడ్‌హంటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు, కె.శ్రీనివాస అయ్యంగార్, హబీబుల్లా. రెండో సగంలో ముగ్గురు మంత్రులు. ఎ.సుబ్బరాయలు రెడ్డియార్, పానగల్ రాజా, ఏలూరు వకీలు కూర్మా వెంకట రెడ్డి నాయుడు. గవర్నర్ లార్డ్ విల్లింగ్డన్ ఈ రెండు సగాల్నీ కలిపి ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి సమావేశాలు జరిపేవాడు.

ఇక జీతం. మద్రాసు కార్యనిర్వాహక మండలి సభ్యుడికి చట్టం పెట్టిన గరిష్ఠ జీతం ఏడాదికి 64,000 రూపాయలు. నెలకు 5,333 రూపాయల చిల్లర. ఇంగ్లీషు సభ్యుడికీ అంతే, భారతీయ సభ్యుడికీ అంతే. డేవిడ్‌సన్‌కు ఒక లెక్క, హబీబుల్లాకు ఇంకో లెక్క లేదు. తెల్లవాడు, నల్లవాడు ఒకే రైలు డబ్బాలో ఎక్కడానికే గొడవలు జరిగే కాలంలో ఇది చిన్న విషయం కాదు.

మంత్రుల విషయంలో చట్టం ఇంకో మెలిక పెట్టింది. మంత్రికి కూడా కార్యనిర్వాహక సభ్యుడితో సమానంగా ఇవ్వొచ్చు. కానీ శాసన మండలి ఓటు వేసి తక్కువ చేస్తే తక్కువే. మద్రాసులో మంత్రులకు ఆ సమాన జీతమే ఇచ్చారు. పానగల్ రాజా, కె.వి.రెడ్డి నాయుడు, హబీబుల్లా, టాడ్‌హంటర్, అందరిదీ నెలకు 5,333 చిల్లరే.

కామర్స్ చదివిన అలవాటు కొద్దీ నేను ఇక్కడ ఒక్క క్షణం ఆగాను. అంకె ఒకటే అయినా దాని వెనక భద్రత ఒకటి కాదు. కార్యనిర్వాహక సభ్యుల జీతం మీద శాసన మండలికి ఓటు హక్కే లేదు. మంత్రుల జీతం మాత్రం ఏటా ఓటుకు రావాల్సిందే. ఒకరి జీతం రాతిమీద గీత, ఇంకొకరిది పలకమీద రాత. వేరే రాష్ట్రాల్లో ఆ పలక చెరిపేశారు కూడా. 1924లో సెంట్రల్ ప్రావిన్సెస్ శాసన మండలిలో స్వరాజ్య పార్టీ సభ్యులు మంత్రుల జీతాన్ని ఏడాదికి 2 రూపాయలు చేసి పారేశారు. బెంగాల్లో అదే ఏడాది మంత్రుల జీతాన్ని మంజూరు చేయకుండా తిప్పికొట్టారు. వాళ్ల కోపం ఆ మంత్రుల మీద కంటే ద్వంద్వ ప్రభుత్వం మీదే ఎక్కువ. కానీ దెబ్బ పడింది మాత్రం ఎన్నికల దారిలో వచ్చిన భారతీయ మంత్రి జీతం మీద. పక్కనే కూర్చున్న ఇంగ్లీషు సభ్యుడి జీతాన్ని ముట్టుకునే హక్కు ఎవరికీ లేదు.

నీళ్లు లేని వ్యవసాయం

జీతం సమానమైతే అధికారం కూడా సమానమా? దీనికి జవాబు కె.వి.రెడ్డి నాయుడి దగ్గర దొరుకుతుంది. ఆయన మంత్రిగా పనిచేసి దిగిపోయాక, ద్వంద్వ ప్రభుత్వం ఎలా నడిచిందో విచారించడానికి 1924లో ముడిమన్ కమిటీ వేశారు. ఆ కమిటీ ముందు రెడ్డి నాయుడు తన గోడు చెప్పుకున్నాడు. తాను అభివృద్ధి మంత్రినట, కానీ అడవులు తన చేతిలో లేవు. వ్యవసాయ మంత్రినట, కానీ నీటిపారుదల లేదు. పరిశ్రమల మంత్రినట, కానీ ఫ్యాక్టరీలు, కరెంటు, గనులు, కార్మికులు ఏవీ తన కిందకి రావు. ఆ సాక్ష్యం దేశమంతా పాకింది.

మన సీమ రైతుకు ఈ మాట వేరేగా వివరించక్కర్లేదు. నీళ్లు లేకుండా వ్యవసాయ శాఖ ఏం చేస్తుంది? కర్నూలు-కడప కాలువను మొదట ఒక ప్రైవేటు కంపెనీ తవ్వింది. 1882లో ప్రభుత్వం కొన్నది. 1920ల్లో ఆ కాలువలో నీళ్లు ఎప్పుడు వదలాలి, దాని మరమ్మతుకు ఎంత పెట్టాలి అన్నది రిజర్వుడు సగం పని. విత్తనాల గురించి, సాగు గురించి మాట్లాడాల్సింది మంత్రి. ఇద్దరికీ జీతం ఒకటే, బల్ల ఒకటే. గేటు తాళంచెవి మాత్రం ఒకరి దగ్గరే ఉంది. డబ్బు పెట్టె సంగతీ అంతే. ఆర్థిక శాఖ టాడ్‌హంటర్ చేతిలో ఉండేది. మంత్రి ఏ పథకం రాసినా కాగితం ఆయన బల్ల మీదుగానే పోవాలి.

ఇక్కడ హబీబుల్లా స్థానం విచిత్రమైనది. ఆయన భారతీయుడే, కానీ కూర్చున్నది రిజర్వుడు సగంలో. ఆయన్ని అక్కడికి పంపింది గవర్నర్ పేషీ, ప్రజల ఓటు కాదు. ఎన్నికైన తెలుగు మంత్రుల కంటే నియమితుడైన ఆయన కుర్చీయే గట్టిది. దీన్ని ఆయన గొప్పతనంగా చెప్పుకోవడం సరికాదు. ఆయన తప్పుగా చూపించడమూ సరికాదు. కుర్చీని అలా తయారు చేసింది లండన్. దాన్లో కూర్చుని పని నేర్చుకున్నది ఆయన. 1922లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది.

లీ కమిషన్: రెండు జేబులు

1923లో బ్రిటిష్ ప్రభుత్వం ఉన్నత ఉద్యోగాల మీద ఒక రాయల్ కమిషన్ వేసింది. లార్డ్ లీ అధ్యక్షుడు. ఆయన కాకుండా నలుగురు ఇంగ్లీషువాళ్లు, నలుగురు భారతీయులు. ఆ నలుగురిలో హబీబుల్లా ఒకరు. మిగతావాళ్లు భూపేంద్రనాథ్ బసు, హరికిషన్ కౌల్, ఎన్.ఎం.సమర్థ్.

కమిషన్ ముందున్న పెద్ద ప్రశ్నలు రెండు. కలెక్టర్లు, పోలీసు అధికారులు లాంటి పై ఉద్యోగాల్లో భారతీయులు ఎంతమంది ఉండాలి? వాళ్లకూ ఇంగ్లీషువాళ్లకూ జీతం ఎలా ఉండాలి?

మొదటి ప్రశ్నకు 1924లో వచ్చిన నివేదిక కొంత మంచి జవాబే ఇచ్చింది. ఐసీఎస్‌లో కొత్తగా భర్తీ చేసే ప్రతి 100 ఉద్యోగాల్లో 40 ఇంగ్లీషువాళ్లకు, 40 నేరుగా భారతీయులకు, మిగతా 20 కింది సర్వీసు నుంచి పైకి వచ్చే భారతీయులకు. ఇలా చేస్తే 15 ఏళ్లలో సగం సగం అవుతారని లెక్క. ఉద్యోగాల భర్తీకి పబ్లిక్ సర్వీస్ కమిషన్ వెంటనే పెట్టాలని కూడా ఆ నివేదిక గట్టిగా చెప్పింది. 1926లో అది మొదలైంది. ఇవాళ మన పిల్లలు రాసే యూపీఎస్సీకి మూలం అదే.

రెండో ప్రశ్న దగ్గర వచ్చింది తిరకాసు. మూల జీతం ఒకటే. కానీ ఇంగ్లీషు అధికారికి దాని మీద సముద్రపు భత్యం అదనం. లీ కమిషన్ ఆ సౌకర్యాల్ని ఇంకా పెంచమంది. వాళ్లకూ కుటుంబాలకూ ఉద్యోగకాలంలో నాలుగు సార్లు ఇంటికి పోయిరావడానికి ఓడ ఖర్చులు ఇవ్వమంది. అంటే ఒకే జిల్లా, ఒకే కుర్చీ, ఒకే కచేరీ. ఒక అధికారికి ఒక జేబు, ఇంకో అధికారికి రెండు జేబులు.

దానికి వాళ్ల వాదన వాళ్లకుంది. పిల్లల చదువు ఇంగ్లాండులో, కాపురం ఇక్కడ, రెండిళ్ల ఖర్చు. ఎక్కువ ఇవ్వకపోతే మంచివాళ్లు రారు. మనవాళ్ల వాదన మనకుంది. ఖజానా నింపేది ఇక్కడి రైతు. పని ఒకటే అయినప్పుడు కూలి ఒకటే కావాలి. ఎవరి ఇల్లు ఎక్కడుందన్నది ఖజానా చూడాల్సిన లెక్క కాదు.

ఈ రెండు వాదనలూ మన దీన్‌లో చదువుకున్నవాళ్లకు కొత్తవి కావు. హజ్రత్ అబూబక్ర్ (రజి) తన ఖిలాఫత్‌లో బైతుల్‌మాల్‌కు వచ్చిన సొమ్మును అందరికీ సమానంగా పంచారు. హజ్రత్ ఉమర్ (రజి) దీవాన్ అనే రిజిస్టరు పెట్టి, ముందుగా ఇస్లాంలోకి వచ్చినవాళ్లకు, బద్ర్‌లో నిలబడ్డవాళ్లకు ఎక్కువ వజీఫా రాశారు. హజ్రత్ అలీ (రజి) మళ్లీ సమానానికి వచ్చారు. అవి ఉద్యోగుల జీతాలు కావు, సమాజమంతటికీ ఇచ్చిన వాటాలు. అయినా తేడా ఎందుకు పెట్టాలి అన్న ప్రశ్న అక్కడా వచ్చింది. హజ్రత్ ఉమర్ పెట్టిన తేడా మనిషి చేసిన త్యాగాన్ని చూసి పెట్టింది, పుట్టిన జాతిని చూసి కాదు. లండన్ పెట్టిన తేడా ఎక్కడి వాడివి అన్నదాన్ని చూసి పెట్టింది.

1924 సెప్టెంబరులో లీ నివేదిక కేంద్ర శాసనసభ ఎదుటికి వచ్చింది. మోతీలాల్ నెహ్రూ తెచ్చిన సవరణ నెగ్గి, సభ ఆ సిఫార్సుల్ని కాదంది. ప్రభుత్వం మాత్రం వాటిని చాలావరకు అమలు చేసేసింది. మద్రాసు బల్ల దగ్గర ఇంగ్లీషు సభ్యుడితో సమానంగా జీతం తీసుకున్న హబీబుల్లా, కింది అధికారుల మధ్య ఆ తేడా ఉంచిన కమిషన్‌లో భాగమయ్యారు. ఆయన జీవితం రాసేటప్పుడు ఈ పేజీని మడిచిపెట్టి దాటేయకూడదు. బహుశా సగం ఉద్యోగాలు మనవాళ్లకు వస్తున్నప్పుడు భత్యం గురించి పట్టుబట్టి దాన్ని చెడగొట్టుకోవడం ఎందుకు అనుకుని ఉండొచ్చు. అది నా ఊహే. బేరంలో ఒకటి తీసుకుని ఇంకోటి వదిలేసినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

వైస్రాయ్ మండలిలో

1925లో హబీబుల్లా ఢిల్లీకి వెళ్లారు. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో విద్య, ఆరోగ్యం, భూముల శాఖ ఆయనది. ఆయనకు ముందు ఆ కుర్చీలో ఉన్నది తెలుగువాడైన సర్ బి.నరసింహ శర్మ. అక్కడి సభ్యుడికి చట్టం పెట్టిన గరిష్ఠ జీతం ఏడాదికి 80,000 రూపాయలు. హోం శాఖ చూసే ఇంగ్లీషు సభ్యుడికీ, ఆర్థిక శాఖ చూసే ఇంగ్లీషు సభ్యుడికీ అదే. సైన్యాధిపతికి మాత్రం వేరుగా లక్ష.

ఇక్కడా కథ మళ్లీ అదే. ఆయన ఉన్న ఐదేళ్లూ హోం, ఆర్థికం, సైన్యం భారతీయుల చేతిలో లేవు. కానీ విదేశాల్లో ఉన్న భారతీయుల బాగోగులు చూసే పని ఆయన శాఖకే వచ్చింది. ఆయన జీవితంలో నిలిచిపోయే పని అక్కడే జరిగింది.

కేప్‌టౌన్ ఒప్పందంలో ఒక మాట

1860 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కి దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు కూలీలు వెళ్లారు. వాళ్లలో తమిళులు, తెలుగువాళ్లు ఎక్కువ. తర్వాత గుజరాతీ ముస్లిం వ్యాపారులూ వెళ్లారు. గాంధీ ఒక ముస్లిం వ్యాపార సంస్థ కేసు కోసమే అక్కడికి పోయింది. 1920ల మధ్యలో అక్కడి తెల్ల ప్రభుత్వం భారతీయుల్ని వేరే వాడల్లోకి నెట్టే బిల్లు తెచ్చింది. తక్కువ కూలికి పనిచేసి తెల్లవాళ్ల పొట్ట కొడుతున్నారని మనవాళ్ల మీద ఆరోపణ.

1926 చివర్లో భారత ప్రభుత్వం ఒక బృందాన్ని పంపింది. నాయకుడు హబీబుల్లా. వి.ఎస్.శ్రీనివాస శాస్త్రి, ఫిరోజ్ సేథ్నా లాంటివాళ్లు సభ్యులు. డిసెంబరు 17న కేప్‌టౌన్‌లో సమావేశం మొదలైంది. అవతలివైపు నాయకుడు డి.ఎఫ్.మలాన్. జనవరిలో మాటలు ముగిశాయి. 1927 ఫిబ్రవరి 21న రెండు దేశాల్లోనూ ఒప్పందాన్ని ప్రకటించారు.

వేరు వాడల బిల్లును అక్కడి ప్రభుత్వం పక్కన పెట్టింది. స్వదేశానికి తిరిగి వెళ్తామన్నవాళ్లకు పెద్దలకు 20 పౌండ్లు, పిల్లలకు 10 పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అక్కడే ఉండిపోయేవాళ్లను చదువులో, ఆరోగ్యంలో పైకి తేవడం తమ బాధ్యతేనని అంగీకరించింది. భారత ప్రభుత్వ ఏజెంటు ఒకరు అక్కడే ఉండాలని నిర్ణయమైంది. ఇంకో మాట కూడా ఉంది. అక్కడి వేతన చట్టాల కింద భారతీయులతో సహా అందరూ సమాన పనికి సమాన వేతనం అన్న పద్ధతిలో చోటు పొందవచ్చని ఆ ఒప్పందంలో రాశారు.

చదవడానికి అది గెలుపే. కానీ ఆ మాటకు రెండు వైపులా పదునుంది. తెల్లవాడికీ భారతీయుడికీ ఒకే కూలి ఇవ్వాల్సి వస్తే, పని చేతిలో ఉన్న యజమాని ఎవర్ని పెట్టుకుంటాడు? తనవాణ్ణే. తెల్లవాళ్లకు పనుల్లో ముందు వరస ఇచ్చే విధానం అక్కడ అప్పటికే నడుస్తోంది. పని నేర్చుకునే తలుపు మూసేసి, జీతం మాత్రం సమానం అంటే ఆ సమానం బయట నిలబడ్డవాడికి అందదు. హబీబుల్లా బృందం ఇది ఎరగకపోలేదు. చదువు, శిక్షణ గురించి ఒప్పందంలో అన్ని పేరాలు ఉన్నది అందుకే.

మొదటి ఏజెంటుగా శ్రీనివాస శాస్త్రి వెళ్లారు. 1929లో ఆ పదవి ఎవరికొచ్చిందో తెలుసా? నీటిపారుదల లేని వ్యవసాయ మంత్రినని గోడు వెళ్లబోసుకున్న మన ఏలూరు కె.వి.రెడ్డి నాయుడికే. ఒకప్పుడు మద్రాసులో ఒకే బల్ల దగ్గర, ఒకే జీతంతో, చెరో సగంలో కూర్చున్న ముస్లిం సభ్యుడు, తెలుగు మంత్రి సముద్రం అవతల ఒకే పనికి చెయ్యి వేశారు. ఒకరు ఒప్పందం చేసుకొచ్చారు, ఇంకొకరు దాన్ని కాపాడటానికి వెళ్లారు. రెడ్డి నాయుడు అక్కడున్న రోజుల్లోనే, 1931లో, దక్షిణాఫ్రికా తెలుగువాళ్లు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

జెనీవా, తిరువాన్కూరు

1929లో జెనీవాలో జరిగిన నానాజాతి సమితి సమావేశాలకు వెళ్లిన భారత బృందానికి హబీబుల్లా నాయకుడు. అంతకుముందు ఆ బృందాలకు ఇంగ్లీషువాళ్లే నాయకులు. మన దేశం పేరు మీద పోయే బృందానికి మనవాడే ముందుండాలని సభలో ఎన్నో ఏళ్లుగా అడుగుతుంటే అప్పటికి జరిగింది.

1934లో తిరువాన్కూరు సంస్థానానికి దివాన్ అయ్యారు. అక్కడ ఈళవులు, క్రైస్తవులు, ముస్లింలు జనాభాలో ఎక్కువ. శాసనసభ సీట్లలో, సర్కారు ఉద్యోగాల్లో మాత్రం తక్కువ. తమ వంతు తమకివ్వాలని వాళ్లు ఉద్యమం చేస్తున్నారు. ఆయన దివాన్‌గా ఉన్నప్పుడే 1935లో ఉద్యమ నాయకుడు సి.కేశవన్‌ను ఒక ప్రసంగం మీద అరెస్టు చేశారు. అదే ఏడాది ఉద్యోగాల భర్తీలో అన్ని వర్గాలకూ న్యాయం జరిగేలా చూడ్డానికి పబ్లిక్ సర్వీస్ కమిషనర్‌ను పెట్టారు. ఒక చేత్తో అరెస్టు, ఇంకో చేత్తో సంస్కరణ. సర్కారు మనిషిగా ఆయన బలం, బలహీనత రెండూ ఇక్కడ కనిపిస్తాయి. 1936లో ఆ పదవి వదిలారు.

500 రూపాయల మంత్రులు

ఆయన పెద్ద పదవులన్నీ ముగిసేనాటికి దేశం మారిపోయింది. ప్రజాసేవకుడి జీతం మామూలుగా నెలకు 500 రూపాయలు దాటకూడదని 1931లో కరాచీ కాంగ్రెస్ తీర్మానించింది. 1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం వచ్చింది. అందులో టంగుటూరి ప్రకాశం, బెజవాడ గోపాలరెడ్డి, వి.వి.గిరి మన తెలుగువాళ్లు. యాకూబ్ హసన్ ముస్లిం మంత్రి. మునుస్వామి పిళ్లై దళిత మంత్రి. ప్రధానమంత్రి అని పిలిచే రాజాజీకీ, మిగతా మంత్రులందరికీ నెలకు 500. ఇంటి అద్దె, కారు భత్యాలు వేరు.

5,333 నుంచి 500కి, అంటే పదో వంతు కన్నా తక్కువకు. రెండు కాలాల్లోనూ బల్ల చుట్టూ ఉన్నవాళ్లకు జీతం సమానమే. మొదటిది పాలించేవాడితో సమానం అని చెప్పే జీతం. రెండోది పాలించబడేవాడికి దగ్గరగా ఉండమని చెప్పే జీతం. అసలు తేడా ఇంకోచోట ఉంది. 1937లో ఆర్థిక శాఖ, నీటిపారుదల, పోలీసు, అన్నీ ఎన్నికైనవాళ్ల చేతికే వచ్చాయి. గవర్నర్‌కు ప్రత్యేకాధికారాలు మిగిలినా, జీతం పదో వంతైన రోజునే తాళంచెవుల గుత్తి మంత్రుల చేతికి చేరింది.

హబీబుల్లా 1948లో కన్నుమూశారు. కేప్‌టౌన్‌లో ఆయన ఎదురుగా కూర్చున్న మలాన్ అదే ఏడాది దక్షిణాఫ్రికా ప్రధాని అయ్యాడు. రంగును బట్టి మనుషుల్ని విడదీసే అపార్థీడ్‌ను చట్టంగా మార్చాడు. ఒప్పందం కాగితం మిగిలింది, దాని మాట పోయింది. ఇక్కడ మాత్రం 1950లో అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగం 39వ అధికరణంలో స్త్రీపురుషులకు సమాన పనికి సమాన వేతనం అన్న సూత్రాన్ని రాసుకుంది.

మన బల్ల దగ్గర

ఇప్పుడు ఆత్మకూరుకు వద్దాం. మున్సిపల్ కౌన్సిల్‌లో ఏ వార్డు కౌన్సిలర్‌కైనా గౌరవ వేతనం ఒకటే. ముస్లిం అని, దళితుడని, ఆడమనిషని తగ్గించరు. దీన్ని మనం మామూలు విషయంగా తీసుకుంటాం. నూరేళ్ల కింద అది మామూలు కాదు. దాని వెనక ఎన్నో బల్లల దగ్గర జరిగిన పోరాటాలున్నాయి.

కానీ హబీబుల్లా, రెడ్డి నాయుళ్ల కథ మనకు రెండో ప్రశ్న కూడా నేర్పుతుంది. సమాన వేతనం వస్తే పని అయిపోయినట్టు కాదు. ఎన్నికైన ఆడబిడ్డ బదులు ఆమె మియానో, అన్నో మీటింగులో మాట్లాడితే ఆ వేతనం ఎవరిది? అజెండా ముందే ఒకరికి తెలిసి, ఇంకొకరికి మీటింగు రోజు పొద్దున తెలిస్తే ఆ ఇద్దరూ సమానమా? డ్రైనేజీకి నిధులు ఏ వార్డుకు పోవాలో తలుపు వెనకే తేలిపోతే, తలుపు బయట ఉన్న కౌన్సిలర్ చేతిలో మిగిలేది ఆ నెల వేతనం మాత్రమే. నీటిపారుదల లేని వ్యవసాయ మంత్రిలాగా.

కాబట్టి మన వార్డు కౌన్సిలర్ ఎదురుపడితే నీకెంతొస్తుంది అని అడగడం మానేద్దాం. బడ్జెట్ కాగితం చేతికి ఎప్పుడొచ్చింది, చదివే టైమిచ్చారా, నువ్వు చెప్పింది మినిట్స్‌లో రాశారా అని అడుగుదాం. జవాబు రాకపోతే మళ్లీ అడుగుదాం.

ఈసారి టి.నగర్ వెళ్లినప్పుడు హబీబుల్లా రోడ్డు బోర్డు దగ్గర పిల్లలకు ఈ కథ చెప్పండి. ఆయన చేసిన మంచిని అల్లాహ్ ఖబూల్ చేయాలి, పొరపాట్లను మాఫ్ చేయాలి. ఆమీన్.